ఎదురుకాళ్ల రుద్రమ్మ

అందరు బిడ్డలు తల్లి కడుపులకెళ్ళి తలకాయ ముందు పెట్టి వస్తే, రుద్రమ్మ కాళ్ళు ముందు పెట్టి వచ్చింది. అట్ల ఎదురుకాళ్లతోని పుట్టినోళ్ళ పాదం తాకితే పట్టిన నడుం ఇడుస్తదని మనోళ్ళ నమ్మకం. తప్పో ఒప్పో అది తర్వాత మాట్లాడుకుందాం. అమీర్‌పేటల, మధురానగర్ వెనక గల్లీల, ఐతారం పొద్దుగాల రుద్రమ్మ గడప ముందట జనం నిలవడుడు మాత్రం అబద్ధం కాదు. కోచింగ్ సెంటర్లల్ల కంప్యూటర్ల ముందు కూసోని కూసోని నడుం బిగుసుకపోయిన పోరగాళ్ళు, సిలిండర్లు మోసేటోళ్ళు, హాస్టళ్ళల్ల వంట గంజులు ఎత్తి దించే ఆడోళ్ళు, ఎవ్వరన్నా కానీ, ముఖం కడుగకముందే వచ్చి, నోరు మూసుకొని, చాప మీద బోర్ల పండుకోవాలె. రుద్రమ్మ సుత ముఖం కడుగది, మాట్లాడది. తలుపు చెక్క పట్టుకొని, మడిమెతోని నడుం మీద పైకెళ్ళి కిందికి మెల్లగ జరిపి, ఆఖరుకు ఒక్క తన్ను తన్నుతది. లేచినోడు ఇటు అటు తిరిగి చూసుకొని, మొకం ఇంత చేసుకొని నవ్వుతడు. ఎవ్వలన్నా చేతుల పైసలు పెట్టబోతే మాత్రం ఊకోదు. పుట్టుకతోని వచ్చినదాన్ని అమ్ముకుంటరా అని గదమాయిస్తది. ఆ కాలంటే ఆమెకు అంత గర్వం. ఉండదా మరి? పొద్దంత మంది బట్టలు ఇస్త్రీ చేసే మనిషికి, వారంల ఒక్క పూట ఆ మనుషులే వచ్చి కాళ్ళ కింద పండుకుంటరంటే ఎవ్వలకుండదు?

అసొంటి రుద్రమ్మ ఆ బేస్తారం పంజాగుట్టల ఒక ఎముకల దవాఖానల, కుర్చీ అంచు మీద కూసోని, వెలుగుతున్న అద్దం మీద తన నడుం ఫోటో చూస్తున్నది. కోడలు వనిత పక్కన నిలవడ్డది. డాక్టరమ్మ పేరు హరిణి. చిన్న వయసే, కాని తొందరపెట్టే మనిషి కాదు. పెన్ను మూతతోని ఒక్కొక్క పూస మీద తట్టుకుంట చెప్పుతున్నది.

"ఇవన్నీ వెన్నుపూసలమ్మా. ఇటుకల్లాగా ఒకదాని మీద ఒకటి సమంగా ఉండాలి. ఈ రెండూ చూడండి, ముందువైపు నలిగిపోయాయి. ఎముకలు గుల్లబారాయి మీకు. పైది ముందు విరిగింది. కిందిది దాని తర్వాత, ఈ మధ్యనే. ఏమైనా బరువు ఎత్తారా?"

వనిత అందుకున్నది. హాస్టలోళ్ళ దుప్పట్ల మూట ఎత్తిందని, నడుం కలుక్కుమన్నదని, అయినా ఎవ్వలకు చెప్పకుండ తిరిగిందని, చివరికి చాప మీదికెళ్ళి లేవలేకపోతే అప్పుడు బయటపడ్డదని చెప్పింది. రుద్రమ్మ తలూపింది. మూట ఎత్తింది నిజమే. పై పూస లెక్క మూటతోని సరిపోయింది. కింది పూస సంగతి ఆమె ఎత్తలె.

డాక్టరమ్మ ఇంకో మాట సుత చెప్పింది. రుద్రమ్మ ఎత్తు తగ్గిందట. పోయినేడాది నుంచి చీర అంచు నేలకు రాస్తున్నదని రుద్రమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకుంటున్నది. ఈ నడుమ చీరలు పొడుగు నేస్తున్నరనుకున్నది గని తనే కురచయితున్నదని అనుకోలె. ఆ మాట ఇన్నంక మొగులు మొత్తం నెత్తి మీద పడ్డట్టు అయింది. కాని మొకంల కనబడనియ్యలె.

ముందుకు వంగొద్దు, బరువు ఎత్తొద్దు, కింద కూసోవద్దు. పండుకున్నదానికెళ్ళి లేవాలంటే ముందు ఒక పక్కకు ఒత్తిగిల్లి, మోచేతి మీద బరువు పెట్టి లేవాలె. గోళీలు, సూదిమందు. కొన్నొద్దులు లేచి తిరిగేటప్పుడు నడుంకు బెల్టు. అన్ని అయినంక రుద్రమ్మ ఒక్కటే అడిగింది.

"డాక్టరమ్మా, గీ రోగం నాకొక్కదానికేనా?"

"మీ వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుందమ్మా. తెలియదంతే. ఎముక విరిగాకే తెలుస్తుంది."

ఆటోల ఇంటికొస్తుంటే వనిత ఎన్నో మాట్లాడింది. రుద్రమ్మ చెవులకు ఎక్కలె. ఆమె మనసంత కృష్ణానగర్ల ఉన్నది.

సంగతేందంటే, మూట ఎత్తినంక నడుం పట్టిందనే అనుకున్నది రుద్రమ్మ. పట్టిన నడుంకు మందు ఆమె దగ్గరనే ఉండె. కాని ఆ మందు ఆమెకు పనికిరాదాయె. ఎంత ఎదురుకాళ్లతోని పుట్టినా తన కాలు తన నడుం మీదికి రాదు గద. అందుకని పోయిన ఐతారం, తన గడప ముందటి జనం పోయినంక, గుడికి పోతున్ననని కోడలికి చెప్పి, కొంగు నెత్తి మీదికి కప్పుకొని, ఎవ్వలకు తెల్వకుండ కృష్ణానగర్ పోయింది. అక్కడ బుల్లబ్బాయని గోదావరి మనిషి ఉంటడు. సినిమాలల్ల హీరో చేతుల దెబ్బలు తిని ఎగిరిపడేటోళ్ళల్ల ఒకడు. ఆయన సుత ఎదురుకాళ్లతోనే పుట్టిండు. పెద్దమ్మగారూ, ఏం కంగారు లేదండీ అని మర్యాదగనే చాప ఏసిండు, మర్యాదగనే కాలు పెట్టిండు. మనిషి మాత్రం ఏనుగంత ఉన్నడు. అప్పుడు లోపల ఒక సప్పుడైంది. పట్టు ఇడిచిందనుకొని రుద్రమ్మ దండం పెట్టి వచ్చింది. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి చాప మీదికెళ్ళి లేవరాలె.

అది పట్టు ఇడిచిన సప్పుడు కాదని ఇప్పుడు ఎర్కైంది. ఎవ్వలకు చెప్పుకుంటది? ఇంతమందికి కాలు పెట్టే మనిషి ఇంకోని కాలు కిందికి పోయిందంటే నవ్వరా?

బెల్టు మాత్రం లంగా కట్టు మీద బిగిచ్చి, దాని మీద చీర కట్టి, కొంగు నిండుగ కప్పుకుంటనని ఆటో దిగకముందే తీర్మానం చేసుకున్నది.

*

వాళ్ళ ఇస్త్రీ బల్ల గల్లీ చివర ఉన్న అపార్ట్‌మెంట్ సెల్లార్ల, మెట్ల కింద. కొడుకు సురేందర్ ఇంటింటికి తిరిగి బట్టలు తెస్తడు, ఇస్తడు. పెట్టె తోసుడు అత్తాకోడళ్ళ పని. దవాఖాన నుంచి వచ్చిన మర్నాటి నుంచి సురేందర్ తల్లిని పెట్టె ముట్టనియ్యలె. బొగ్గుల పెట్టె, లేపుతనే భుజం గుంజే బరువు. రుద్రమ్మ ఎత్తు స్టూలు మీద కూసోని అంగీల మీద నీళ్ళు చిలకరిచ్చుడు, గుండీలు పెట్టుడు, మడతలు పెట్టుడు అంతే. అంగీ మడత పెడ్తే కాలరు నిలవడాలె, చేతులు వెనక్కి పోయి ఒకదాని మీద ఒకటి పడుకోవాలె, జేబు ముందుకు కనబడాలె. ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు ఏరికోరి ఈ బల్ల మీదికే వస్తరు. ఆ మడత చేతుల ఉన్నంత సేపు రుద్రమ్మకు తను పనికొస్తున్ననన్న ధైర్యం. కాని బెల్టు లోపల చెమట పట్టి దురద, వంగబోతే పక్కటెముకలకు గుచ్చుతది. ఎదురుంగ బల్ల మీద వంగి పెట్టె తోసే వనితను చూస్తే, ఇన్నేండ్లు తను అట్లనే వంగింది గద అని తన మీద తనకే జాలి పుట్టింది. జాలి ఆమెకు నచ్చది. ఇంకో అంగీ అందుకున్నది.

సురేందర్ బట్టలు కట్టుకుంట, ఇగ ఐతారాలు బంద్ పెట్టు అమ్మా, ఒక్క కాలు మీద నిలవడేటట్టు ఉన్నవా నువ్వు అన్నడు. చూద్దాం తియ్యి అన్నది రుద్రమ్మ. బంద్ పెడ్తే ఎందుకని అడుగుతరు. అడిగితే చెప్పాలె.

శనివారం మాపటీలి వరలక్ష్మి టీచరమ్మ కిందికొచ్చింది. కాకినాడ దిక్కు మనిషి, స్కూల్ల పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయింది, పై అంతస్తుల ఒక్కతే ఉంటది. గంజి పెట్టిన కాటన్ చీర తప్ప కట్టదు. ఒకనాడు ఇదే సెల్లార్ల, పది మంది ముందట, ఏంటి రుద్రమ్మా ఈ రోజుల్లో కూడా ఈ తన్నుడు వైద్యమేంటి అని నవ్వింది. పది మంది సుత నవ్విండ్రు. ఆ నవ్వు రుద్రమ్మకు ముల్లు లెక్క దిగి, ఇంక తియ్యరాలె. ఆమె చీరలు మాత్రం మిగిలినోళ్ళ చీరల కంటె మంచిగ ఇస్త్రీ చేసి పంపేది. అది గర్వం కాకపోతే ఏంది?

ఆ టీచరమ్మ ఇప్పుడు గోడ పట్టుకొని, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకొని వచ్చింది. మొకం వాడిపోయి ఉన్నది. బట్టల గురించి అడిగింది, ఎండల గురించి అడిగింది. వాచ్‌మన్ మొగిలయ్య అక్కడే మోటరు ఏస్తున్నడు, ఆయన పోతడేమోనని చూసింది. పోలె. రుద్రమ్మకు సంగతి ఎప్పుడో అర్థమైంది. అయినా నోరు ఇప్పలె. ఆమె నోటితోనే ఇనాలని కూసున్నది.

"అటక మీదనుంచి సూట్‌కేసు దింపానే, అప్పట్నుంచీ నడుం పట్టేసింది. నొప్పి బిళ్ళలు మింగుతున్నాను, కాపడం పెడుతున్నాను, దేనికీ లొంగట్లేదు. రేపు ఆదివారం కదా. నీ కాలు కాస్త పెట్టు రుద్రమ్మా."

మొగిలయ్య మోటరు దగ్గర అట్లనే నిలవడిపోయిండు. సెల్లారంత ఇన్నట్టే అనిపిచ్చింది రుద్రమ్మకు. ఇన్నేండ్ల ముల్లు ఒక్క మాటతోని ఊడొచ్చింది. ఛాతి నిండింది.

"రాండ్రి టీచరమ్మ. పరగడుపున రావాలె. దారిల ఎవ్వలతోని మాట్లాడొద్దు."

మనసు కంటె ముందు నోరే పలికింది. టీచరమ్మ తలూపి, మళ్ళ గోడ పట్టుకొని లిఫ్టు దిక్కు పోయింది. వనిత పెట్టెను నిలువుగ పెట్టి, బొగ్గులు కదిలిచ్చి, బూడిద ఊదింది.

"అత్తమ్మా, ఆమెకు సుత నీ ఈడే ఉంటది."

అంతే అన్నది. మళ్ళ పెట్టె తోసుకుంట పోయింది. రుద్రమ్మ చేతుల ఉన్న అంగీకి గుండీలు తప్పు కాజాలల్ల పడ్డయి. మొత్తం ఇప్పి మళ్ళ పెట్టింది.

*

ఐతారం తెల్లారంగనే గల్లీల ఎప్పటి లెక్కనే మనుషులున్నరు. సిలిండర్ల భూమయ్య, హాస్టల్ వంటామె పోచమ్మ, ఇంకా నలుగురైదుగురు. టీచరమ్మ రాంగ చూసి అందరు పక్కకు జరిగి దారి ఇచ్చిండ్రు. ఆమెసొంటి మనిషి ఈ గడపకు వచ్చుడు వాళ్ళకు సుత గొప్పగనే ఉన్నది. అందరి కండ్లు రుద్రమ్మ మీదనే. రుద్రమ్మ కొంగు నిండుగ కప్పుకొని గడపల నిలవడ్డది. లోపల బెల్టు బిగిచ్చే ఉన్నది.

టీచరమ్మ చాప మీద ముందు మోకాళ్ళు ఆనిచ్చి, చేతులు ఆనిచ్చి, పండ్లు కొరుక్కుంట బోర్ల పండుకున్నది. అప్పుడు కనబడ్డది రుద్రమ్మకు ఆమె వీపు. జాకెట్టు పై భాగంల, మెడ కింద, చిన్నగ గూని లేచి ఉన్నది. నిలవడ్డప్పుడు గంజి పెట్టిన కొంగు దాన్ని దాస్తది. అసొంటి వంపే తన వెన్నుకు సుత ఉన్నదని, మూడొద్దుల కింద వెలుగుతున్న అద్దం మీద చూసింది గద.

రుద్రమ్మ తలుపు చెక్క పట్టుకొని కాలు లేపింది.

ఊకె తాకిస్తే ఏం పోతది అనిపిచ్చింది. తన్నకుంట, బరువు పెట్టకుంట, పువ్వు తాకినట్టు తాకిచ్చి తీసేస్తే అయిపాయె. టీచరమ్మకు మనసు నిమ్మలమైతది. గల్లీల పేరు నిలుస్తది, పై అంతస్తు దాక ఎక్కుతది. కాని నిమ్మలమైనామె ఏం చేస్తది? తగ్గిందనుకొని రేపు మళ్ళ సూట్‌కేసు అటక మీదికి ఎక్కిస్తది. ఆ పూసలు లోపల ఎట్లున్నయో ఎవ్వలకెర్క? కృష్ణానగర్ల ఇన్న సప్పుడు రుద్రమ్మ చెవుల ఇంక పోలె. ఆ సప్పుడు ఇంకో ఆడదాని నడుంలకెళ్ళి, అదీ తన కాలి కింద వినబడితే, ఆ కాలును ఇగ ఏ మొకంతోని చూసుకుంటది?

గాలిల ఉన్న కాలును మెల్లగ నేల మీదికి దించింది.

"లేవుండ్రి టీచరమ్మ. నేను పెట్ట."

ఆ పని జరిగేటప్పుడు రుద్రమ్మ నోరు ఇప్పంగ గల్లీ ఎన్నడు చూడలె. పోచమ్మ చేతులు నోటి మీద పెట్టుకున్నది. చాప మీదికెళ్ళి తల పక్కకు తిప్పి చూసింది టీచరమ్మ. మొకం ఎర్రగయింది.

"అప్పుడు నవ్వాననా? దానికి ఇప్పుడు పది మందిలో పడుకోబెట్టి లేవమంటావా?"

అది రుద్రమ్మకు చెంప మీద కొట్టినట్టే తాకింది. భూమయ్య సుత, పాపం పెద్దమనిషి నొప్పికి ఓర్వలేక వచ్చింది, పెట్టరాదవ్వా అన్నడు. ఎనుక ఎవ్వలో ఈమెకు నెత్తికెక్కింది అన్నరు. నెత్తికెక్కిందట. ఇన్నేండ్లల్ల ఒక్క పైస ముట్టని మనిషిని ఆ మాట అన్నరు. ఇగ దాసుడు ఎందుకనిపిచ్చింది రుద్రమ్మకు. కప్పుకున్న కొంగు తీసి భుజం మీదికి ఏసుకున్నది. చీర కుచ్చిళ్ళ పైన, జాకెట్టు కింద, నల్లటి బెల్టు అంచు, దాని పట్టీలు అందరికి కనబడ్డయి.

"కక్ష కాదు టీచరమ్మ. నా నడుమే ఇరిగింది. రెండు పూసలు నలిగినయి. ఒకటి మూట ఎత్తంగ ఇరిగింది. ఇంకోటి, నేనే కృష్ణానగర్ పోయి ఎదురుకాళ్లాయనతోని తొక్కిచ్చుకుంటే ఇరిగింది. నా కోడలికి సుత చెప్పలె. మన ఈడు ఆడోళ్ళ ఎముకలు లోపల గుల్లబారుతయట. ఇరిగినంక గని తెల్వదట. మీది ఎట్లున్నదో నాకెర్క లేదు. ఎర్క లేనిదాని మీద నేను కాలు పెట్ట."

గడప లోపల వనిత ఇన్నది. ఆమె కండ్లు పెద్దగైనయి.

భూమయ్య చానసేపు బెల్టు దిక్కే చూసి, మరి ఇన్నొద్దులు మాకు తగ్గిందేందవ్వా అని అడిగిండు. నిజంగనే తెలుసుకోవాలని అడిగిండు. మీకు తగ్గితే సంతోషమే బిడ్డా, ఎందుకు తగ్గిందో నాకెర్క లేదు, నాకు ఎర్కైంది మాత్రం ఇదే అన్నది రుద్రమ్మ. ఒకామె, కాల్లకెళ్ళి మహిమ పోయినట్టున్నది అని గొణుక్కుంట పోయింది. ఒకడు నవ్విండు సుత. జనం ఒక్కొక్కరే కదిలిండ్రు. ఆఖరుకు చాప, చాప మీద టీచరమ్మ, అత్తాకోడళ్ళు మిగిలిండ్రు.

టీచరమ్మ లేవబోయి లేవలేకపోయింది. లేపుదామంటే రుద్రమ్మకు వంగరాదు. చెప్పుడొక్కటే చేతనైంది. ఒక పక్కకు ఒత్తిగిల్లుండ్రి, మోకాళ్ళు ముడుసుకోండ్రి, ఇప్పుడు మోచెయ్యి మీద బరువు పెట్టుండ్రి, తొందర లేదు అనుకుంట ఒక్కొక్కటి చెప్పింది. వనిత వంగి భుజం ఆనిచ్చింది. టీచరమ్మ లేచి, చీర దులుపుకొని, ఎవ్వల మొకం చూడకుండ గల్లీ దాటి పోయింది.

వనిత చాప చుట్టి గోడకు నిలవెట్టింది. ఎందుకు చెప్పలేదని అడుగుతదని రుద్రమ్మ కాచుకొని ఉన్నది. వనిత అడగలె. చాయ్ పెట్టి, గ్లాసు తెచ్చి, అత్త వంగకుండ అందుకునేటట్టు చేతికిచ్చింది. అప్పుడు వచ్చింది రుద్రమ్మకు ఏడుపు. కొంగుతోని తుడుసుకుంట తుడుసుకుంట తాగింది. పేరు పోయిందని ఏడ్చింది, ఉన్నమాట చెప్పుకోవాలె గద. కాని ఎంత ఏడ్చినా, కాలు దించి తప్పు చేసిననని మాత్రం అనిపియ్యలె.

*

మర్నాడు ఇస్త్రీ బల్ల కాడికి టీచరమ్మ వచ్చింది. చేతిల పర్సు, చంకల పాత రిపోర్టుల కవరు. రాత్రి నిద్ర పోనట్టు కండ్లు ఉబ్బి ఉన్నయి. రుద్రమ్మ స్టూలు మీదికెళ్ళి దిగింది.

"నువ్వు చూపించుకున్న హాస్పిటల్ ఎక్కడ? నాతో వస్తావా?"

రుద్రమ్మ చేతుల ఉన్న అంగీ మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, పాండ్రి అన్నది.

ఆటోల ఇద్దరు చెరొక పక్క కడ్డీ పట్టుకొని కూసున్నరు. ప్రతి స్పీడ్ బ్రేకరు కాడ రుద్రమ్మ డ్రైవరు భుజం మీద తట్టి, జర మెల్లగ పోనియ్ బిడ్డా, లోపల గాజు సామాన్లు ఉన్నయి అన్నది. టీచరమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే నడుంల కలుక్కుమని, నవ్వుకుంటనే అబ్బా అన్నది. పంజాగుట్ట సిగ్నలు కాడ ఆటో ఆగినప్పుడు, సైన్సు చెప్పిన దాన్ని, కాలు కింద పడుకోవడానికి వచ్చాను చూడు అని తనే అన్నది. నొప్పి అట్ల చేస్తది టీచరమ్మ, నేను కృష్ణానగర్ పోలేదా అన్నది రుద్రమ్మ.

దవాఖాన గడప కాడ చక్రాల కుర్చీ తెచ్చిండ్రు. ఎవ్వలకమ్మా అని అడిగితే, ఇద్దరు ఒకలను ఒకలు చూసుకున్నరు. ఇద్దరు వద్దన్నరు. చేతులు పట్టుకొని లిఫ్టు దాక నడిచిండ్రు.

ఫోటోలు తీసేసరికి మధ్యాహ్నమైంది. హరిణి డాక్టరమ్మ పెన్ను మూతతోని మళ్ళ ఒక పూస మీద తట్టింది. పగులు పట్టింది గని పూస ఇంక పూర్తిగ నలగలేదట. ఈ స్థితిల దాని మీద గట్టి ఒత్తిడి పడి ఉంటే కూలిపోయేదట, నరాల మీద సుత పడవచ్చునట. ఇప్పుడు బెల్టుతోని, మందులతోని ఆగుతదని నమ్మకం ఉన్నదట. గట్టి ఒత్తిడి అనంగనే టీచరమ్మ వేళ్ళు రుద్రమ్మ చెయ్యిని పట్టుకున్నయి. నిన్న పొద్దుగాల గాలిల ఆగిన కాలు ఇప్పుడు కుర్చీ కింద నేలకు ఆని ఉన్నది. రుద్రమ్మ దాని దిక్కు చూసుకున్నది. దేవుడా, ఎంత పని తప్పింది అనుకున్నది.

డాక్టరమ్మ ఇద్దరిని మార్చి మార్చి చూసి, వీరు మీకేమవుతారండీ అని టీచరమ్మను అడిగింది. మా ఇస్త్రీ ఆమె అంటదనుకున్నది రుద్రమ్మ. అన్నా తప్పు లేదు.

"నేను బతిమాలినా నా నడుం మీద కాలు పెట్టని మనిషి. అమీర్‌పేటలో ఎదురుకాళ్ల రుద్రమ్మ అంటే ఎవరైనా చెబుతారు."

డాక్టరమ్మకు సగమే అర్థమైనట్టున్నది. రుద్రమ్మకు పూర్తిగ అర్థమైంది. నిన్న గల్లీల పోయిందనుకున్న పేరు, సైన్సు చెప్పిన నోట్లకెళ్ళి మళ్ళ వచ్చింది. ఇన్నేండ్లు తన్ని సంపాదించిన పేరు కంటె ఇదే బరువుగ అనిపిచ్చింది. ఆ బరువుకు మాత్రం నడుం ఏం నొయ్యలె.

మందులు చెప్పినంక డాక్టరమ్మ ఇద్దరికి కలిపి ఒక మాట చెప్పింది. నొప్పి తగ్గుతున్న కొద్ది మంచంల ఉండిపోవద్దు, రోజు కొంచెం కొంచెం నడవాలె, నడిస్తేనే ఎముకకు బలం. టీచరమ్మ పిల్లలకు చెప్పినట్టు దాన్ని ఆటోల మళ్ళ ఒకపారి రుద్రమ్మకు అప్పజెప్పింది. ఇన్నలేమ్మా అన్నది రుద్రమ్మ.

*

మల్లొచ్చిన ఐతారం రుద్రమ్మ ముఖం కడుక్కొని, చాయ్ తాగి, తల దువ్వుకున్నది. పొద్దుగాల ముఖం కడుక్కొని గడప దిగుడు ఐతారం నాడు ఆమెకు కొత్త. చీర కట్టుకొని, బెల్టును చీర మీదికెళ్ళే బిగిచ్చింది. లోపల దురద పెడ్తదని వనితతోని అన్నది. దురద ఒక్కటే కాదని వనితకు ఎర్కే. కొంగు వెనకకెళ్ళి తెచ్చి బొడ్లె చెక్కుకోవటానికి సాయం చేసింది.

తలుపు తీస్తే గల్లీ ఖాళీగ ఉంటదనుకున్నది. గడప ముందట ఒక్కడు నిలవడి ఉన్నడు. నడీడు మనిషి, ముఖం కడుగలె, నడుం మీద చెయ్యి ఉన్నది. బోరబండ నుంచి వచ్చిండట, జరిగిన ముచ్చట ఇనలేదట.

"ఎదురుకాళ్ల రుద్రమ్మ ఇల్లు ఇదేనా అమ్మా?"

పోచమ్మ తన గడపల ఊడ్చుకుంట చీపురు ఆపింది. ఎదురింటి మేడ మీద ఎవ్వలో బట్టలు ఆరేసుకుంట కిందికి చూసిండ్రు. రుద్రమ్మ వీపు ఎంత నిలుపుకోవచ్చునో అంత నిలుపుకున్నది.

"ఇదే బిడ్డా. నేనే ఎదురుకాళ్ల రుద్రమ్మను."

ఆ మనిషి చాప కోసం అటు ఇటు చూసిండు. బరువు పని చేస్తవా అని అడిగింది. చేస్తనన్నడు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నయా అని అడిగింది. ఎక్కుతున్నయన్నడు. ఎముకల డాక్టరుకు చూపిచ్చుకో, నడుం ఫోటో తీపిచ్చుకో, నా లెక్క దాసిపెట్టుకోకు అని చెప్పింది. ఆయన బెల్టు చూసిండు, ఆమె కాళ్ళు చూసిండు. ఇంతదూరం వచ్చిన, ఒక్కసారి కాలు పెట్టరాదమ్మా అని బతిమాలిండు.

గల్లీ మూల మీద, అపార్ట్‌మెంట్ గేటు కాడ, వరలక్ష్మి టీచరమ్మ నిలవడి ఎదురుచూస్తున్నది. గంజి పెట్టిన కాటన్ చీర, దాని మీద కొత్త బెల్టు. ఇటు దిక్కు చూసి చెయ్యి ఊపింది.

రుద్రమ్మ తలుపు చెక్క మీదికెళ్ళి చెయ్యి తీసింది.

"ఇన్నేండ్లు ఈ కాలు మంది నడుముల మీద పెట్టిన బిడ్డా. ఇగ నేల మీద పెడ్త. జర పక్కకు జరుగు, నన్ను నడువనియ్యి."

ఆయన జరిగిండు. రుద్రమ్మ గడప దిగి, దేన్నీ పట్టుకోకుండ, గల్లీ నడిమిట్లకెళ్ళి నడుసుకుంట పోయింది.